పొలంలోకి ముందే పిడుగు కబురు: ఇంటి వాతావరణ కేంద్రంలో హెచ్చరిక పెట్టుకునే పద్ధతి

ఏప్రిల్, మే నెలల్లో రబీ ధాన్యం కళ్లాల్లో ఆరబోసి ఉంటుంది. మిరప, పసుపు, మొక్కజొన్న కూడా బయటే ఉంటాయి. మధ్యాహ్నం వరకు మాడ్చే ఎండ, సాయంత్రం నాలుగు దాటగానే ఒక మూల నల్లని మబ్బు. అది చూసి ధాన్యం మీద పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగెత్తే సమయమూ, పిడుగు పడే సమయమూ ఒకటే. తొలకరిలో విత్తనాలు వేసేటప్పుడు, వరి నాట్లప్పుడు, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనూ ఇదే పరిస్థితి.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. తుపాను, వరద, వడదెబ్బ వంటి ప్రకృతి కారణాలతో పోయిన ప్రాణాల్లో మూడో వంతుకు పైగా ఇవే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ 24న 13 గంటల వ్యవధిలోనే 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది.

ఇప్పుడు చాలా ఊళ్లలో ఎవరో ఒకరి డాబా మీద, రైతు ఉత్పత్తిదారుల సంఘం ఆఫీసు మీద చిన్న వాతావరణ కేంద్రాలు కనిపిస్తున్నాయి. వర్షం, గాలి, ఉష్ణోగ్రత, తేమ కొలిచి ఇంటర్నెట్ ద్వారా వెబ్‌సైట్‌లో చూపించే పరికరాలివి. వీటిలో చాలావాటికి పిడుగును పసిగట్టే సెన్సర్‌ను అదనంగా జోడించుకోవచ్చు. దాన్ని ఎలా అమర్చుకోవాలి, వెబ్‌సైట్‌లో హెచ్చరిక ఏ దూరానికి పెట్టుకోవాలి, ఆ కబురు పొలంలో ఉన్న మనిషికి ఎలా చేరాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. మూడింటిలో చివరిదే ముఖ్యం. ఇంట్లో ఫోన్ మోగి, పొలంలో మనిషికి తెలియకపోతే ఆ పరికరం వల్ల ఉపయోగం లేదు.

సెన్సర్ పిడుగును ఎలా పసిగడుతుంది?

పాత రేడియోలో మీడియం వేవ్ స్టేషన్ వింటున్నప్పుడు దూరాన మెరుపు మెరిస్తే గరగరమని శబ్దం రావడం మనకు తెలిసిందే. మెరిసినప్పుడు వెలుగుతో పాటు రేడియో తరంగాలు కూడా పుడతాయి. సెన్సర్‌లోని చిన్న యాంటెనా ఈ తరంగాలనే పట్టుకుంటుంది. వాటి బలాన్ని బట్టి మబ్బు ముందు అంచు ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తుంది.

ఇళ్లలో వాడే సెన్సర్ల గురించి మూడు విషయాలు ముందే తెలుసుకోవాలి.

- ఇవి సుమారు 40 కి.మీ. వరకు పసిగడతాయి. అంత దూరాన మెరిసే ప్రతి మెరుపునూ పట్టుకోలేవు. మబ్బు దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ మెరుపులు నమోదవుతాయి.
- అవి చెప్పే దూరం అంచనా మాత్రమే. వెబ్‌సైట్‌లో 14 కి.మీ. అని ఉంటే కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు.
- ఒక్క సెన్సర్ దిక్కు చెప్పలేదు. మబ్బు తూర్పున ఉందో పడమటన ఉందో తెలియదు. దూరం తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదాన్ని బట్టే అది మన వైపు వస్తోందో లేదో గ్రహించాలి.

ఏమేం కావాలి?

ఇంటర్నెట్‌కు కలిసే గేట్‌వే లేదా డిస్‌ప్లే ఉన్న వాతావరణ కేంద్రం, దానికి సరిపడే పిడుగు సెన్సర్, వైఫై ఉంటే చాలు. ఉదాహరణకు ఇకోవిట్ కంపెనీ కేంద్రాలకు డబ్ల్యూహెచ్57 అనే సెన్సర్ విడిగా దొరుకుతుంది. ఇది రెండు ఏఏ సైజు బ్యాటరీలతో పనిచేస్తుంది. టెంపెస్ట్ వంటి కొన్ని కేంద్రాల్లో పిడుగు సెన్సర్ లోపలే అమర్చి వస్తుంది.

కొనేముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోండి. మొదటిది, మీ దగ్గర ఉన్న గేట్‌వే, కొత్త సెన్సర్ ఒకే ఫ్రీక్వెన్సీవి కావాలి. వేర్వేరువైతే ఎంత ప్రయత్నించినా కలవవు. రెండవది, ఇటువంటి గేట్‌వేలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. రౌటర్‌లో ఆ సిగ్నల్ ఆపి ఉంటే ఆన్ చేసుకోవాలి.

ఈ ఖర్చు ఒక్క చిన్న రైతుకు భారమే. పక్కపక్కన పొలాలున్న నలుగురైదుగురు కలిసి లేదా సంఘం తరఫున ఒకటి పెట్టుకుంటే మంచిది. సెన్సర్ పరిధి 40 కి.మీ. కాబట్టి ఊరికి ఒకటి చాలు.

సెన్సర్ ఎక్కడ పెట్టాలి?

పిడుగు సెన్సర్‌తో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం తప్పుడు చోట పెట్టడం వల్లే. మోటారు స్టార్టర్, సోలార్ ఇన్వర్టర్, సెల్ ఛార్జర్, ఎల్ఈడీ బల్బు, టీవీ, సోలార్ ఫెన్సింగ్ ఝట్కా మిషన్ ఇవన్నీ చిన్న చిన్న రేడియో తరంగాలు వెదజల్లుతాయి. సెన్సర్ వాటిని మెరుపులుగా పొరబడే అవకాశం ఉంది.

- వీటికి దూరంగా, ఎండ నేరుగా తగలని చోట, వాన నీరు నిలవని చోట పెట్టండి. డాబా పిట్టగోడ లోపలి వైపు, ఇంటి చూరు కింద అనుకూలంగా ఉంటాయి.
- పెద్ద ఇనుప రేకుకు, ట్యాంకు ఫ్రేముకు ఆనించి బిగించవద్దు.
- దీన్ని ఎత్తైన స్తంభం చివర కట్టాల్సిన పని లేదు. ఇది పిడుగు నుంచి ఇంటిని కాపాడే కడ్డీ కాదు. ఎత్తున పెట్టినంత మాత్రాన ఎక్కువ దూరం చూడదు కూడా.
- సెన్సర్ మీద ఇంటి లోపల, బయట అనే రెండు రకాల సెట్టింగ్ ఉంటే, పెట్టిన చోటును బట్టి ఎంచుకోండి.

పెట్టాక ఒక పరీక్ష చేయండి. ఆకాశం తేటగా ఉన్న రోజున మోటారు నాలుగైదు సార్లు వేసి ఆపండి. ఇంట్లో లైట్లు, ఇన్వర్టర్ ఆన్ చేయండి. వెబ్‌సైట్‌లో మెరుపుల సంఖ్య పెరిగితే ఆ చోటు పనికిరాదు. సెన్సర్‌ను జరిపి మళ్లీ చూడండి. అప్పటికీ పెరుగుతుంటే సున్నితత్వాన్ని ఒక మెట్టు తగ్గించండి. మొదటే బాగా తగ్గిస్తే నిజమైన మెరుపులు కూడా తప్పిపోతాయి.

ఎన్ని కిలోమీటర్లకు హెచ్చరిక పెట్టుకోవాలి?

ఇది ఒక్కో రైతుకు ఒక్కోలా ఉంటుంది. రోడ్డు పక్కనే పొలం ఉన్నవారికీ, వాగు దాటి వెళ్లేవారికీ ఒకే దూరం సరిపోదు. కింది విధంగా లెక్కించుకోండి.

ఉరుముల మబ్బు గంటకు 40 కి.మీ. వేగంతో వస్తోందనుకుందాం. అంటే 3 నిమిషాలకు 2 కి.మీ. మబ్బు నెత్తి మీదికి రాకముందే, 10 కి.మీ. దూరంలో ఉండగానే పిడుగు మన దగ్గర పడవచ్చు. కాబట్టి మబ్బు 10 కి.మీ. దూరానికి వచ్చేసరికే మనం పక్కా భవనంలో ఉండాలి.

కబురు అందడానికి పట్టే నిమిషాలు, పని ఆపి సర్దుకునే నిమిషాలు, నడక నిమిషాలు కూడండి. మొత్తాన్ని 2తో గుణించి 3తో భాగించండి. దానికి 10 కలపండి. వచ్చినదే మీ హెచ్చరిక దూరం.

- పొలం ఊరి పక్కనే: కబురుకు 5, సర్దుకోవడానికి 5, నడకకు 5, మొత్తం 15 నిమిషాలు. ఈ లోపు మబ్బు 10 కి.మీ. వస్తుంది. హెచ్చరిక 20 కి.మీ.కు పెట్టుకోవాలి.
- పొలం దూరం, కూలీలు ఎక్కువ: కబురుకు 5, సర్దుకోవడానికి 10, నడకకు 20, మొత్తం 35 నిమిషాలు. మబ్బు సుమారు 23 కి.మీ. వస్తుంది. హెచ్చరిక 33, అంటే పైకి సవరించి 35 కి.మీ.కు పెట్టుకోవాలి.

ధాన్యం కప్పాల్సి ఉంటే ఆ నిమిషాలు కూడా కలపండి. అరగంట పడుతుందనుకుంటే లెక్క 40 కి.మీ.కు చేరుతుంది, లేదా దాటిపోతుంది. అంత దూరాన మెరుపులన్నీ సెన్సర్‌కు కనిపించవు. అటువంటి రోజుల్లో మధ్యాహ్నం మూడుకే ధాన్యం కుప్ప చేసి పట్టా కప్పడం మేలు. తడిసిన ధాన్యాన్ని మళ్లీ ఆరబెట్టుకోవచ్చు.

వెబ్‌సైట్‌లో నియమాలు ఇలా పెట్టుకోండి

కేంద్రం వెబ్‌సైట్‌లో లేదా యాప్‌లో హెచ్చరికలు, అలారం, నోటిఫికేషన్ అనే పేర్లతో ఒక విభాగం ఉంటుంది. అందులో పిడుగు దూరం, పిడుగుల సంఖ్య, చివరి పిడుగు సమయం అనేవి కనిపిస్తాయి. వీలైతే మూడు మెట్లుగా పెట్టుకోండి.

1. సిద్ధం: 40 కి.మీ. లోపు 15 నిమిషాల్లో 5 మెరుపులు నమోదైతే. ఒక్క మెరుపుకే మోగేలా పెడితే తప్పుడు హెచ్చరికలు ఎక్కువై జనం పట్టించుకోవడం మానేస్తారు.
2. కదలండి: మీరు లెక్కించిన దూరం లోపు 10 నిమిషాల్లో 2 మెరుపులు నమోదైతే.
3. లోపలే ఉండండి: 10 కి.మీ. లోపు ఒక్క మెరుపు నమోదైనా.

కొన్ని వెబ్‌సైట్లలో దూరం, సంఖ్య, సమయం కలిపి నియమం పెట్టే వీలు ఉండదు. అప్పుడు దూరం ఒక్కదానికే, అదీ మీ లెక్క ప్రకారం వచ్చిన దూరానికే పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వెబ్‌సైట్‌లో కనిపించే దూరం చివరి మెరుపుది. నిన్న సాయంత్రం 8 కి.మీ. దూరంలో మెరిసి ఆగిపోతే, ఈ రోజు ఉదయం కూడా 8 కి.మీ. అనే చూపిస్తూ ఉండవచ్చు. దీనివల్ల రెండు రకాల నష్టం. ఎండ కాస్తుండగా అది చూసి భయపడతాం. లేదా, దూరం 20 కంటే తగ్గినప్పుడే మోగేలా ఉన్న నియమం, అంకె నిన్నటి నుంచీ 20 లోపే ఉండిపోయినందువల్ల ఈ రోజు మోగకపోవచ్చు. అందుకే దూరం పక్కన సమయం తప్పకుండా చూడాలి. మొదటి రెండు మూడు మబ్బులకు హెచ్చరిక ప్రతిసారీ వచ్చిందో లేదో రాసి పెట్టుకోండి. రాకపోతే కేంద్రం అమ్మినవారిని అడిగి, ఇన్ని నిమిషాల తర్వాత మళ్లీ మోగాలి అనే సెట్టింగ్ ఉంటే 10 నిమిషాలకు పెట్టించండి.

కేంద్రం సమాచారాన్ని వెబ్‌సైట్‌కు పంపే వ్యవధి ఎన్ని నిమిషాలకు ఉందో కూడా చూసుకోండి. 10 నిమిషాలకు ఒకసారి ఉంటే ఒక నిమిషానికి తగ్గించండి.

కరెంటు పోతే హెచ్చరిక కూడా పోతుంది

గాలిదుమారం మొదలవగానే కరెంటు తీసేస్తారు. దానితో పాటే రౌటర్, గేట్‌వే ఆగిపోతాయి. సెన్సర్ బ్యాటరీ మీద పనిచేస్తూనే ఉంటుంది, కానీ దాని మాట బయటకు వెళ్లదు. కాబట్టి రౌటర్, గేట్‌వే రెండింటినీ ఇన్వర్టర్‌కు గానీ, రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్‌కు గానీ కలపండి. ఒకసారి మెయిన్ ఆపి చూసి, ఎంతసేపు నడుస్తుందో తెలుసుకోండి. సీజన్ ముందు సెన్సర్ బ్యాటరీలు మార్చండి.

కబురు పొలానికి చేరాలి

ఈమెయిల్‌లో వచ్చే హెచ్చరికను కోత కోస్తున్న మనిషి చూడడు. చాలాసార్లు ఫోన్ గట్టు మీద సద్దిమూటలో ఉంటుంది. అందుకని ఏర్పాటు ఇలా చేసుకోండి.

- హెచ్చరిక వచ్చే ఫోన్ ఒక బాధ్యత గల మనిషి దగ్గర ఉండాలి. ఆయన లేనప్పుడు చూసే రెండో మనిషి కూడా ముందే నిర్ణయమై ఉండాలి.
- ఆయన వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోకూడదు. ప్రతి పొలంలో ఒకరికి, కూలీల మేస్త్రికి, గొర్రెల కాపరులకు, గీత కార్మికులకు ఫోన్ చేయాలి. నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించాలి.
- సిగ్నల్ లేని చోట్లకు గుడి మైకు, పంచాయతీ మైకు వాడవచ్చు. పొలంలో ఈల గానీ, పళ్లెం మోత గానీ గుర్తుగా పెట్టుకోవచ్చు.
- కూలీలకు పని మొదలుపెట్టే ముందే చెప్పాలి: కబురు రాగానే అందరూ ఎక్కడికి వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి. పని మధ్యలో ఆపినా కూలి తగ్గించబోమని కూడా చెప్పాలి. కూలి పోతుందన్న భయం ఉంటే ఎవరూ కదలరు.

ఉరిమితే సెల్‌ఫోన్ పిడుగును లాగుతుందని చాలామంది స్విచ్ ఆఫ్ చేస్తారు. అది నిజం కాదు. ఫోన్ ఆన్‌లోనే ఉంచండి. ఛార్జింగ్ వైరుకు కలిపి మాత్రం వాడవద్దు.

ప్రభుత్వ హెచ్చరికలతో సరిచూసుకోండి

ఇంటి సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఉచితం. దేశమంతటా ఉన్న సెన్సర్ల ఆధారంగా మీరున్న చోటుకు 20, 40 కి.మీ. వలయాల్లో పడుతున్న పిడుగులను మ్యాపు మీద చూపిస్తుంది. ఇంటి సెన్సర్ చెప్పలేని దిక్కు దీనిలో తెలుస్తుంది. యాప్‌కు లొకేషన్ అనుమతి ఇస్తేనే ఇది పనిచేస్తుంది.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్‌లోనూ హెచ్చరికలు వస్తాయి. వాతావరణ శాఖ అమరావతి, హైదరాబాద్ కేంద్రాలు జిల్లాలవారీగా రాబోయే 3 గంటల ఉరుములు, మెరుపుల సూచన ఇస్తాయి. ఉదయం పనికి బయల్దేరే ముందు, మధ్యాహ్నం భోజనం వేళ దీన్ని చూడడం అలవాటు చేసుకోండి.

హెచ్చరిక లేకపోతే క్షేమమని అర్థం కాదు

మబ్బు ఎప్పుడూ దూరం నుంచే నడిచి రాదు. ఒక్కోసారి మన నెత్తి మీదే పెరిగి, మొదటి పిడుగే మన ఊళ్లో పడుతుంది. అప్పుడు ఏ సెన్సరూ ముందుగా చెప్పలేదు. అందుకే మన కంటికి, చెవికి పైన ఏ పరికరం లేదు. ఉరుము వినిపించిందంటే పిడుగు పడగల దూరంలో ఉన్నామనే అర్థం. ఫోన్ మోగినా మోగకపోయినా పని ఆపాలి.

మెరిశాక ఉరుము వినిపించే వరకు సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లంటే 10 కి.మీ. అయితే లెక్కపెడుతూ పొలంలో నిలబడవద్దు. నడుస్తూ లెక్కపెట్టండి. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగి మాత్రమే బయటకు రావాలి. వాన వెలిసిందని వెంటనే పొలానికి వెళ్లడం ప్రమాదం.

ఎక్కడికి వెళ్లాలి?

- పక్కా భవనం, లేదా అద్దాలు మూసిన కారు, బస్సు. బడి, రైతు సేవా కేంద్రం, రైతు వేదిక వంటివి దగ్గరలో ఉంటే ముందే అనుకోండి.
- చెట్టు కింద, ముఖ్యంగా ఒంటరి తాడి, కొబ్బరి, వేప, చింత చెట్ల కింద నిలబడవద్దు.
- పూరిపాక, మంచె, మోటారు షెడ్డు, పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు, క్యాబిన్ లేని ట్రాక్టర్ రక్షణ ఇవ్వవు.
- బోరు పైపు, స్టార్టర్, కంచె తీగ, కరెంటు స్తంభం ముట్టవద్దు. చెరువు, కాలువ, నీళ్లు నిలిచిన మడి నుంచి బయటకు రావాలి. పశువులను చెట్టుకు కట్టి ఉంచవద్దు.
- ఏ దారీ లేనప్పుడు మాత్రం మిట్ట నుంచి దిగి, పాదాలు దగ్గరగా పెట్టి, తల వంచి గొంతుక్కూర్చోవాలి. నేల మీద పడుకోకూడదు. గుంపుగా కాక ఎడంగా ఉండాలి.
- మబ్బు ఉన్నప్పుడు వాతావరణ కేంద్రాన్ని సరిచేయడానికి డాబా ఎక్కవద్దు.

పిడుగు తగిలితే

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. వెంటనే ముట్టుకోవచ్చు. 108కి ఫోన్ చేయండి. శ్వాస లేకపోతే, వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్లు లోతుకు గట్టిగా నొక్కుతూ ఉండండి. అంబులెన్స్ వచ్చే వరకు ఆపవద్దు. పిడుగు తగిలి గుండె ఆగినవారిలో చాలామంది ఇలా బతికే అవకాశం ఉంది. చనిపోయాడనుకుని వదిలేయవద్దు. మరో పిడుగు పడే ప్రమాదం ఉంటే ముందు లోపలికి చేర్చండి.

ఆంధ్రప్రదేశ్ రైతులు విపత్తు సమాచారం, సాయం కోసం రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబర్లు 112, 1070, 1800 425 0101కు ఫోన్ చేయవచ్చు. తెలంగాణలో అత్యవసర సాయానికి 112 పనిచేస్తుంది.

సీజన్ మొదలు కాకముందే ఒక సాయంత్రం మీ ఊళ్లో ఉత్తుత్తి హెచ్చరిక పెట్టి చూడండి. ఫోన్ మోగిన నిమిషం రాసుకోండి. అన్నిటికంటే దూరపు పొలంలో ఉన్న ఆఖరి మనిషి పక్కా భవనంలోకి అడుగుపెట్టిన నిమిషం రాసుకోండి. ఆ రెండింటి మధ్య ఉన్న నిమిషాలతోనే మీ హెచ్చరిక దూరాన్ని మళ్లీ లెక్కించి వెబ్‌సైట్‌లో పెట్టండి.